మా సహోద్యోగి జర్మనీ వెళ్తున్నారు, అక్కడ మాకు కంపెనీ లేదు. ఆమెను ఉద్యోగంలోనే ఉంచుకునే సరైన దారి ఏది?

తార్నాక_చెట్టునీడ:

హబ్సిగూడలో మాది చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీ. ఇరవై ఆరుగురం పనిచేస్తున్నాం. మందుల కంపెనీల ప్రయోగశాలల్లో నమూనాల రికార్డులు చూసుకునే సాఫ్ట్‌వేర్ తయారు చేస్తాం. మా ఖాతాదారుల్లో ఎక్కువమంది జీడిమెట్ల, బొల్లారం, జినోమ్ వ్యాలీ వైపు ఉన్నారు. ఈ రంగం తెలిసినవారికి చెప్పనక్కర్లేదు. సాఫ్ట్‌వేర్ రాయడం ఒక ఎత్తు, అది నమ్మదగినదని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ తనిఖీదారు ముందు కాగితాలతో నిరూపించడం ఇంకో ఎత్తు. ఆ రెండో పని మొత్తం మా దగ్గర ఒకే ఒక్కరి చేతి మీదుగా నడుస్తోంది. ఆరేళ్లకు పైగా మాతో ఉన్నారు. ఏ ఖాతాదారు దగ్గర ఏ పరీక్ష ఎందుకు అలా రాశామో ఆమెకు తెలిసినంతగా నాకూ తెలియదు.

ఆమె భర్తకు స్టుట్‌గార్ట్‌లో ఉద్యోగం వచ్చింది. ఆయన బ్లూ కార్డు (చదువుకున్న విదేశీ నిపుణులకు ఇచ్చే నివాస, పని అనుమతి) మీద ముందు వెళ్లారు. ఆమె, పాప జూన్ చివర్లో వెళ్తున్నారు. రాజీనామా ఇవ్వలేదు. "అక్కడి నుంచి పనిచేయడానికి వీలుంటుందా" అని అడిగారు. వీలుంటుందని నేను మాట ఇచ్చాను. ఆ మాట ఎలా నిలబెట్టుకోవాలన్నదే ఇప్పుడు నా ప్రశ్న.

జర్మనీలో మాకు శాఖ లేదు, కంపెనీ లేదు, అద్దె గది కూడా లేదు. నలుగురిని అడిగితే నాలుగు మాటలు చెప్పారు. జీతం ఇక్కడి బ్యాంకు ఖాతాలో వేస్తూ పోమన్నారు ఒకరు. ఉద్యోగిగా తీసేసి ఫ్రీలాన్సర్‌గా బిల్లు ఇమ్మనమన్నారు ఇంకొకరు. ఎంప్లాయర్ ఆఫ్ రికార్డ్ అనే కంపెనీలు ఉంటాయి, వాళ్లు తమ ఉద్యోగిగా పెట్టుకుని మనకు పనిచేయిస్తారు అన్నారు మరొకరు. అక్కడ సొంత కంపెనీ పెట్టేయమన్నారు ఇంకొకాయన.

ప్రస్తుతం ఆమె జీతం నెలకు 1,85,000 రూపాయలు. ఫ్రాంక్‌ఫర్ట్ దగ్గర ఒక మందుల కంపెనీతో మాకు మాటలు నడుస్తున్నాయి. అవి కుదిరితే ఆమే వెళ్లి కలవవచ్చని ఆశపడుతున్నాం. ఇందులో చట్టపరంగా ఏవైనా ఇబ్బందులుంటే అదీ చెప్పండి. ఖర్చు కొంత పెరిగినా భరిస్తాం. ఆమె మాత్రం ఇబ్బంది పడకూడదు.


కూకట్‌పల్లి_కోడ్:

ఇంత ఆలోచించాలా? జీతం ఇక్కడి ఖాతాలో ఎప్పటిలాగే వేయండి, ఇక్కడి పన్ను ఇక్కడ కోయండి. కరోనా రోజుల్లో ఎంతమంది ఎక్కడెక్కడి నుంచో పనిచేశారు, ఎవరూ అడగలేదు. ఆమె అక్కడ భర్త మీద ఆధారపడి ఉన్నట్టే కదా లెక్క. ఏడాది గడిచాక చూసుకోవచ్చు.


జీతాల_లెక్కలు:

పై సలహా పాటించవద్దు. నేను పుట్టి పెరిగింది మల్కాజిగిరిలో. చాలాకాలంగా జర్మనీలో ఒక పేరోల్ కార్యాలయంలో విదేశీ కంపెనీల ఉద్యోగుల జీతాల లెక్కలే చూస్తున్నాను. ఇలాంటి సలహా విని వచ్చిన కుటుంబాల కాగితాలు నా బల్ల మీదికి వస్తూనే ఉంటాయి. అందుకే కాస్త వివరంగా రాస్తాను.

ముందు ఒక సూత్రం గుర్తు పెట్టుకోండి. కంపెనీ ఎక్కడుంది, జీతం ఏ బ్యాంకులో పడుతుంది అన్నవి కాదు, మనిషి ఏ దేశంలో కూర్చుని పనిచేస్తుందో ఆ దేశపు కార్మిక చట్టం, సామాజిక భద్రత చట్టం ఆమెకు వర్తిస్తాయి. ఆమె స్టుట్‌గార్ట్‌లో ల్యాప్‌టాప్ తెరిచిన రోజు నుంచి మీరు జర్మనీలో ఒక ఉద్యోగి ఉన్న యజమాని. మీకు అక్కడ కంపెనీ ఉన్నా లేకపోయినా అంతే.

మంచి వార్త కూడా చెబుతాను. ఆమెకు పని అనుమతి గురించి దిగులు అక్కర్లేదు. కుటుంబంతో కలిసి ఉండటానికి ఇచ్చే నివాస అనుమతితో ఉద్యోగమైనా, సొంత పని అయినా చేసుకోవచ్చు. ఆ కార్డు మీదే "ఎర్వెర్బ్స్‌టేటిష్‌కైట్ ఎర్లౌబ్ట్" అని రాసి ఉంటుంది. సంపాదన కోసం పనిచేయవచ్చని దాని భావం. చేరిన రోజునే చూసుకోమనండి.

ఇక ఇండియా ఖాతాలో జీతం వేయడం సంగతి. ఆమె భర్త ప్రభుత్వ ఆరోగ్య బీమాలో ఉంటే, ఆమెను కుటుంబ సభ్యురాలిగా ఉచితంగా చేరుస్తారు. కానీ ఆ సౌకర్యం ఆదాయం లేనివారికి, లేదా అతి కొద్ది ఆదాయం ఉన్నవారికి మాత్రమే. మీ దగ్గర పూర్తి జీతం తీసుకుంటూ ఆ బీమా మీద ఆసుపత్రికి వెళ్తే, బీమా సంస్థకు ఇచ్చిన సమాచారం అబద్ధం అవుతుంది. తరువాత బయటపడితే వెనకటి తేదీ నుంచి చందాలు కట్టమంటారు. పాపతో కొత్త దేశానికి వచ్చిన ఆమెను ఆ స్థితిలో పెట్టడం అన్యాయం. పైగా ఉద్యోగి తరఫున కట్టాల్సిన సామాజిక భద్రత చందాలు కట్టకపోవడం ఇక్కడ క్రిమినల్ నేరం. యజమాని రెండు వాటాలూ కట్టాలి. ఉద్యోగి వాటాను ఆమె జీతం నుంచి తిరిగి రాబట్టుకోవడానికి తరువాతి మూడు జీతాల వరకే అవకాశం ఉంటుంది. మామూలుగా నాలుగేళ్ల బాకీ అడుగుతారు. తెలిసి ఎగ్గొట్టారని తేలితే ముప్పై ఏళ్ల వరకు వెనక్కి వెళ్లవచ్చు.

ఫ్రీలాన్సర్ దారి కూడా అంతే. ఒకే కంపెనీకి పనిచేస్తూ, మీరు చెప్పిన వేళల్లో, మీ ల్యాప్‌టాప్ మీద, మీ మేనేజరుకు జవాబుదారీగా ఉంటే, ఒప్పందం మీద ఏం రాసుకున్నా ఆమె ఉద్యోగే. దీన్ని ఇక్కడ "షైన్‌జెల్బ్‌స్టేండిగ్‌కైట్" అంటారు, పైకి మాత్రమే స్వతంత్రంగా కనిపించడం అన్నమాట. అనుమానం ఉంటే జర్మన్ పింఛను బీమా సంస్థను ముందుగానే అడిగి తేల్చుకునే పద్ధతి ఉంది. మీ విషయంలో ఏ జవాబు వస్తుందో అడగకుండానే చెప్పగలను.

ఇక మిగిలినవి రెండు దారులు.

మొదటిది ఎంప్లాయర్ ఆఫ్ రికార్డ్, ఈఓఆర్ అంటారు. జర్మనీలో కంపెనీ ఉన్న ఒక సంస్థ ఆమెను తన ఉద్యోగిగా తీసుకుంటుంది. జీతం, పన్ను, చందాలు, సెలవులు అన్నీ వాళ్లు చూస్తారు. పని మీరు చేయించుకుంటారు. జీతానికి, యజమాని చందాలకు తోడు నెలకు సాధారణంగా 400 నుంచి 700 డాలర్ల దాకా రుసుము ఉంటుంది. కొన్ని సంస్థలు ఒకటి రెండు నెలల జీతం డిపాజిట్‌గా అడుగుతాయి. రెండు మూడు వారాల్లో పని మొదలవుతుంది. చాలా దేశాల్లో ఇది చక్కని పరిష్కారమే.

జర్మనీలో మాత్రం ఒక చిక్కు ఉంది. ఒకరి ఉద్యోగిని ఇంకొకరి ఆజ్ఞల కింద పనికి పంపడాన్ని ఇక్కడి చట్టం కార్మికులను అద్దెకివ్వడంగా చూస్తుంది. దానికి ఫెడరల్ ఉపాధి సంస్థ లైసెన్సు కావాలి. లైసెన్సు ఉన్నా ఒకే మనిషిని ఒకే కంపెనీకి 18 నెలలకు మించి ఇవ్వకూడదు. అక్కడి ఉద్యోగులతో సమాన వేతనం ఇవ్వాలన్న నియమం కూడా ఉంది, కార్మిక సంఘంతో సామూహిక ఒప్పందం ఉంటే మామూలుగా మొదటి తొమ్మిది నెలలే దానికి మినహాయింపు. లైసెన్సు లేకుండా చేస్తే ఆ ఉద్యోగ సంబంధం నేరుగా మీకూ ఆమెకూ మధ్య ఉన్నట్టు చట్టం భావిస్తుంది. కాబట్టి ఏ ఈఓఆర్ ప్రతినిధి ఫోను చేసినా మొదట అడగాల్సింది ధర కాదు. "మీకు ఆ లైసెన్సు ఉందా, పద్దెనిమిది నెలలు నిండాక ఏం చేస్తారు" అని రాతపూర్వకంగా అడగండి. సూటిగా జవాబు చెప్పలేని సంస్థను వదిలేయండి.

రెండోది చాలామందికి తెలియదు. కంపెనీ పెట్టకుండానే మీరే నేరుగా ఆమె యజమానిగా ఇక్కడ నమోదు కావచ్చు. ఫెడరల్ ఉపాధి సంస్థ దగ్గర "బెట్రీబ్స్‌నుమ్మర్" అనే యజమాని సంఖ్య తీసుకోవాలి. జర్మనీలో చిరునామా ఉన్న ఒక ప్రతినిధిని నియమించుకోవాలి. మామూలుగా జీతాల లెక్కలు చూసే కార్యాలయమే ఆ బాధ్యత తీసుకుంటుంది. ఆమె ఎంచుకున్న ఆరోగ్య బీమా సంస్థకు నెలనెలా లెక్క పంపాలి. పింఛను, నిరుద్యోగం, ఆరోగ్యం, వృద్ధాప్య సంరక్షణ చందాలన్నీ ఆ ఒక్క సంస్థకే చేరతాయి, వాళ్లే పంచుతారు. నెలాఖరుకు ముందు, చివరి నుంచి మూడో బ్యాంకు పనిదినానికి డబ్బు వాళ్ల ఖాతాలో ఉండాలి. హైదరాబాద్ నుంచి పంపేవారు ఈ తేదీ దగ్గరే జారిపోతారు, పండుగ సెలవులు చూసుకుని వారం ముందే పంపండి. పని ప్రమాద బీమాకు వేరే నమోదు ఉంటుంది.

మీకు జర్మనీలో వ్యాపార స్థావరం (మీ వ్యాపారం అక్కడ ఉన్నట్టు పన్ను చట్టం లెక్కించే చోటు) లేనంత వరకు జీతం మీద పన్ను కోసే బాధ్యత మీకు ఉండదు. ఆమే ఏటా రిటర్ను వేసి, మార్చి, జూన్, సెప్టెంబర్, డిసెంబర్ నెలల్లో 10వ తేదీకి ముందస్తు పన్ను కట్టుకుంటారు. ఈ సంగతి ఆమెకు మొదటి రోజే చెప్పండి. చేతికి వచ్చిన డబ్బంతా తనదే అనుకుని ఖర్చు పెట్టేస్తే మొదటి నోటీసు వచ్చినప్పుడు గుండె ఆగినంత పని అవుతుంది.

ఇప్పుడు అసలు లెక్క. జర్మనీలో 2026 కనీస వేతనం గంటకు 13.90 యూరోలు. వారానికి 40 గంటలంటే నెలకు సుమారు 173 గంటలు, అంటే దాదాపు 2,409 యూరోలు. యూరోను వంద రూపాయలుగా వేసుకున్నా మీ 1,85,000 రూపాయలు 1,850 యూరోలే. హైదరాబాద్‌లో మంచి జీతం, ఇక్కడ పూర్తి వేళ పనికి చట్టవిరుద్ధమైన జీతం. జీతం పెంచండి, లేదా గంటలు తగ్గించండి. ఏ దారిలో వెళ్లినా దీన్ని తప్పించుకోలేరు.


వలసపక్షి:

నేనూ భర్త ఉద్యోగం కోసం జర్మనీ వచ్చినదాన్నే. మాదీ హైదరాబాదే. ఇక్కడికి వచ్చాక నా పాత కంపెనీ నన్ను వదులుకోలేదు, ఫ్రీలాన్సర్‌గా కొనసాగించింది. అప్పుడు సంతోషించాను. కంపెనీ పేరు చెప్పను, ఎందుకంటే వాళ్లు చెడ్డవాళ్లు కారు, వాళ్లకూ తెలియదు.

నాకు బాబు పుట్టబోతున్నాడని తెలిసినప్పుడు తేడా అర్థమైంది. ఇక్కడ ఉద్యోగిగా ఉన్న స్త్రీకి ప్రసవానికి ముందు ఆరు వారాలు, తరువాత ఎనిమిది వారాలు రక్షణ ఉంటుంది, ఆ కాలానికి డబ్బు వస్తుంది. ఉద్యోగం తీసేయకుండా చట్టం కాపాడుతుంది. కాగితం మీద నేను ఉద్యోగిని కాను. నాతోపాటు జర్మన్ తరగతికి వచ్చిన అమ్మాయిలు ఆ సెలవుల గురించి మాట్లాడుకుంటుంటే నేను బిల్లులు పంపుతూ పనిచేశాను. పింఛను ఖాతాలో ఆ సంవత్సరాలు ఖాళీగా ఉండిపోయాయి. ఇక్కడ అయిదేళ్ల చందాలు ఉంటేనే పింఛను హక్కు మొదలవుతుంది. ఆ ఖాళీ ఇప్పటికీ నన్ను బాధపెడుతుంది.

మీరు "ఆమె ఇబ్బంది పడకూడదు" అని రాశారు కాబట్టి చెబుతున్నాను. ఆమె మొహమాటపడి మిమ్మల్ని ఏమీ అడగకపోవచ్చు. ఉద్యోగం ఉంచారు, అదే చాలనుకుంటారు. మీరే ముందుగా కూర్చోబెట్టి, జీతం, బీమా, సెలవులు ఒక్కొక్కటిగా చెప్పండి.

ఇంకొక సంగతి. పని వేళలు. హైదరాబాద్‌లో ఉదయం పదింటికి సమావేశం పెడితే ఇక్కడ వేసవిలో ఆరున్నర, చలికాలంలో అయిదున్నర. పాపను బడికి సిద్ధం చేసే వేళ అది. మీ సమావేశాన్ని మధ్యాహ్నానికి జరపండి, అంతకన్నా మంచి బహుమతి ఉండదు. రాత్రి పని ముగించాక మర్నాటి పనికి పదకొండు గంటల విరామం ఉండాలని ఇక్కడి చట్టం. ఆదివారం పని చేయించకూడదు. ఖాతాదారుల దగ్గర ఆదివారాలు కొత్త వెర్షన్ ఎక్కించే అలవాటు మీకూ ఉండే ఉంటుంది.


నాంపల్లి_ఆడిటర్:

జర్మనీ వైపు పైన చక్కగా రాశారు. ఇండియా వైపు నేను పూర్తి చేస్తాను. చిన్న కంపెనీల ఖాతాలే నా పని.

ఇక్కడి ఖాతాలో జీతం వేయడానికి నేను కూడా వ్యతిరేకం, కారణం వేరు. ప్రవాసిగా మారిన వ్యక్తి విదేశంలో చేసిన పనికి వచ్చే జీతం మామూలుగా ఇండియాలో పన్నుకు రాదు. కానీ ఆ డబ్బు మొదట ఇండియాలో చేతికి అందితే, ఇక్కడ అందుకున్న ఆదాయం అన్న కారణంతో పన్ను ప్రశ్న మొదలవుతుంది. అప్పుడు రెండు దేశాల ఒప్పందం కింద మినహాయింపు అడుగుతూ కాగితాలు తిరగాలి. నేరుగా ఆమె జర్మన్ ఖాతాకు పంపండి, ఆ తలనొప్పే ఉండదు. ఇక్కడ ఆమెకున్న పొదుపు ఖాతాను విదేశీ మారక చట్టం ఫెమా ప్రకారం ప్రవాసులకు ఉండే ఎన్‌ఆర్‌ఓ ఖాతాగా మార్పించమని కూడా గుర్తు చేయండి.

మొదటి సంవత్సరం జాగ్రత్త. ఆమె జూన్ చివర్లో బయలుదేరితే ఈ ఆర్థిక సంవత్సరంలో అప్పటికే దాదాపు 90 రోజులు ఇక్కడ ఉన్నట్టు. విదేశీ ఉద్యోగం కోసం వెళ్లే పౌరులకు 182 రోజుల సడలింపు ఉంది. ఆమె వెళ్తున్నది భర్త వెంట. ఆ సడలింపు రాకపోతే 60 రోజుల లెక్క ప్రకారం ఈ ఒక్క ఏడాదికి ఆమె ఇక్కడి నివాసిగానే లెక్కకు రావచ్చు. అలాంటప్పుడు జర్మనీ జీతం కూడా ఇక్కడి రిటర్నులో చూపి, ఒప్పందం ప్రకారం ఊరట తీసుకోవాలి. 2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త ఆదాయపు పన్ను చట్టం వచ్చింది, సెక్షన్ల నంబర్లు మారాయి. పాత నంబర్లతో ఉన్న వ్యాసాలు చూసి కంగారు పడకండి.

ఈఓఆర్ దారిలో వెళ్తే వచ్చే బిల్లు దిగుమతి చేసుకున్న సేవ. దాని మీద 18 శాతం జీఎస్టీ రివర్స్ చార్జ్ (సేవ కొన్నవారే పన్ను కట్టే పద్ధతి) కింద మీరే నగదుగా కట్టాలి. మీ ఖాతాదారులకు జీఎస్టీతో బిల్లు ఇస్తారు కాబట్టి ఇలా కట్టినదాన్ని ఆ జీఎస్టీలో తగ్గించుకోవచ్చు, కానీ ప్రతి నెలా ముందు చేతి నుంచి పోతుంది. నేరుగా ఉద్యోగిగా పెట్టుకుంటే జీతం మీద జీఎస్టీ లేదు. ఇండియా, జర్మనీ పన్ను ఒప్పందంలో సిబ్బందిని సమకూర్చే సేవల రుసుము మీద 10 శాతం వరకు ఇక్కడ కోత పెట్టే వీలుంది. బిల్లులో జీతం వాటా, సేవా రుసుము వేరువేరుగా చూపించమనండి. ఈఓఆర్ ఒప్పందం మీద సంతకం పెట్టకముందే నా వంటివాడికి ఒకరికి చూపించండి. ఈఓఆర్ సంస్థలు సాధారణంగా ఆ పన్ను భారాన్ని మన నెత్తిన పెట్టే వాక్యం ఒకటి లోపల రాస్తాయి.

ఇక మీ ఫ్రాంక్‌ఫర్ట్ ఆశ. అసలు ప్రమాదం అక్కడే ఉంది. ఉద్యోగి ఇంట్లో కూర్చుని పనిచేసినంత మాత్రాన ఆ ఇల్లు కంపెనీ స్థావరం కాదని జర్మనీ ఆర్థిక శాఖ 2024లో తన అధికారులకు స్పష్టత ఇచ్చింది. పన్ను ఒప్పందాలకు నమూనా రాసే దేశాల కూటమి ఓఈసీడీ కూడా 2025 నవంబరులో తన వ్యాఖ్యానం మార్చింది. ఉద్యోగి పని సమయంలో సగానికన్నా తక్కువ ఇంటి నుంచి చేస్తే సాధారణంగా స్థావరం కాదు. సగం దాటితే, ఆ మనిషి ఆ దేశంలో ఉండటానికి వ్యాపార కారణం ఉందా అని చూస్తారు. భర్త ఉద్యోగం వల్ల వెళ్లడం వ్యాపార కారణం కాదు. అక్కడి ఖాతాదారులను కలవడం వ్యాపార కారణమే. ఇక ఆమె మీ తరఫున ధర మాట్లాడి, ఒప్పందాలు ఖాయం చేయడం అలవాటుగా మారితే, ఆఫీసు లేకపోయినా మీకు అక్కడ స్థావరం ఏర్పడినట్టే. అప్పుడు మీ లాభంలో కొంత భాగం జర్మనీకి పన్నుకు వెళ్తుంది. ఆమె ఉద్యోగ పత్రంలో ధర నిర్ణయం, సంతకం అధికారం లేవని రాయండి. రాయడం ఒక్కటే చాలదు, నిజంగా అలాగే నడవాలి. ఫ్రాంక్‌ఫర్ట్ వాళ్లతో బేరం హైదరాబాద్ నుంచి మీరే చేయండి.

సొంత కంపెనీ ఒక్కరి కోసం వద్దు. అక్కడి జీఎంబీహెచ్‌కు (మన ప్రైవేట్ లిమిటెడ్ వంటిది) 25,000 యూరోల మూలధనం, నమోదుకు అందులో సగమైనా చెల్లించాలి, నోటరీ, ఏటా ఖాతాలు. ఇక్కడ విదేశీ పెట్టుబడుల నిబంధనల కింద బ్యాంకు ద్వారా నమోదు, ఏటా డిసెంబర్ 31లోగా నివేదిక. ముగ్గురు నలుగురు ఉద్యోగులు అయినప్పుడు ఆలోచించండి.

ఒక విషయం మరిచిపోతారేమో. ఈఓఆర్‌కు మారితే ఆమె మీ దగ్గర రాజీనామా చేసినట్టు. అయిదేళ్లు దాటాయి కాబట్టి గ్రాట్యుటీ ఆమె హక్కు. ముప్పై రోజుల్లో ఇవ్వాలి. "మనవాళ్లే కదా, తరువాత చూద్దాం" అనవద్దు.


తార్నాక_చెట్టునీడ:

అందరికీ ధన్యవాదాలు. వలసపక్షి గారూ, మీ మాటలు చదివి నిన్న ఆమెతో కూర్చుని మాట్లాడాను. మీరు ఊహించింది నిజం. ఆమె బీమా గురించి అడగాలనుకుని అడగలేదట.

ఆమెకు వారానికి 30 గంటలు చాలని అన్నారు. జర్మన్ తరగతులకు, పాపకు సమయం కావాలి. నెలకు 2,300 యూరోలు ఇవ్వాలనుకుంటున్నాం. మాకు మొత్తం ఎంత అవుతుంది? నేరుగా నమోదు అవ్వడానికి సమయం పడుతుందంటే, మొదట ఈఓఆర్‌తో మొదలుపెట్టి తరువాత మారవచ్చా? కంపెనీ కొనుగోలు చేసిన సర్టిఫికెట్ ఆఫ్ కవరేజ్ ఉంటే అక్కడ చందాలు కట్టనక్కర్లేదని ఒక ఏజెంటు చెప్పాడు, అది నిజమా?


జీతాల_లెక్కలు:

ఆ ఏజెంటు దగ్గరికి మళ్లీ వెళ్లవద్దు. ఆ పత్రం కొనేది కాదు. మన పీఎఫ్ సంస్థ ఈపీఎఫ్‌ఓ ఉచితంగా ఇస్తుంది. ఇండియా, జర్మనీ సామాజిక భద్రత ఒప్పందం పూర్తి రూపంలో 2017 మే 1న అమల్లోకి వచ్చింది. కంపెనీ తన పని మీద ఉద్యోగిని కొంతకాలానికి పంపితే, 48 నెలల వరకు ఇక్కడ పింఛను చందా కట్టకుండా ఇండియా పీఎఫ్‌లోనే ఉండటానికి ఆ పత్రం పనికొస్తుంది. మీ సహోద్యోగిని మీరు పంపడం లేదు, ఆమె కుటుంబంతో వెళ్తున్నారు. పంపినట్టు రాసి పత్రం తీసుకుంటే ఆడిటర్ గారు చెప్పిన వ్యాపార కారణాన్ని మీ చేత్తో మీరే రాసిచ్చినట్టు అవుతుంది.

ఆ ఒప్పందం వల్ల ఆమెకు వేరే మేలు ఉంది. అర్హత చూసేటప్పుడు రెండు దేశాల్లో కట్టిన కాలాలను కలిపి లెక్కించే వీలు కల్పించింది. ఆమె పీఎఫ్ సభ్యత్వ వివరాలు, పాత జీతం చీటీలు భద్రంగా ఉంచుకోమనండి.

లెక్క చూద్దాం. 30 గంటలంటే నెలకు 130 గంటలు, కనీస వేతనం ప్రకారం 1,807 యూరోలు. మీ 2,300 దానికి బాగా పైన ఉంది. యజమాని చందాలు సుమారు 21 శాతం, అంటే 483 యూరోలు. చిన్నాచితకా సుంకాలు, ప్రమాద బీమా కలిపితే నెలకు 2,850 యూరోల లోపు వస్తుంది. నేరుగా నమోదైతే జీతాల కార్యాలయం రుసుము దీనికి తోడవుతుంది, అది ఈఓఆర్ రుసుముతో పోలిస్తే చాలా తక్కువ. ఈఓఆర్ అయితే నెలకు 500 యూరోలు వేసుకోండి, పద్దెనిమిది నెలలకు 9,000. ఒక్క మనిషి, తెలిసిన మనిషి, ఏళ్ల తరబడి ఉండబోయే మనిషి. మీ స్థానంలో నేనుంటే నేరుగా నమోదే చేసుకుంటాను. నెలనెలా తేదీలు తప్పకుండా పంపగలిగే గుమాస్తా ఒకరు మీ ఆఫీసులో ఉంటే చాలు.

ఈఓఆర్‌తో మొదలుపెట్టి మారవచ్చు. కానీ మారిన ప్రతిసారీ ఆమెకు కొత్త ఒప్పందం, కొత్త ప్రొబేషన్ వస్తాయి. ఆ మధ్యకాలం తప్పదనుకుంటే మూడు విషయాలు పట్టుబట్టండి. మీ దగ్గర ఉన్న పాత సర్వీసును గౌరవిస్తామని మీరు రాసివ్వండి. ఆమె రాసే పరీక్షా పత్రాలు, కోడ్ మీద హక్కులు ఆమె నుంచి ఈఓఆర్‌కు, అక్కడి నుంచి మీకు చేరతాయని ఒప్పందంలో ఉండాలి. జర్మన్ చట్టం ప్రకారం ఉద్యోగి రాసిన సాఫ్ట్‌వేర్ మీద ఆర్థిక హక్కులు యజమానివి, కాగితం మీద యజమాని ఈఓఆర్ కదా. మూడోది, మీరు మధ్యలో ఆమెను నేరుగా తీసుకుంటే పరిహారం అడగకూడదు.

సెలవుల విషయంలో, వారానికి అయిదు రోజులు పనిచేస్తే చట్టం ప్రకారం ఏడాదికి కనీసం 20 రోజులు. ఇక్కడి కంపెనీలు మామూలుగా అంతకంటే ఎక్కువే ఇస్తాయి, మీరూ 26 లేదా 28 ఇవ్వండి. జబ్బు చేస్తే ఆరు వారాల వరకు పూర్తి జీతం మీరు ఇవ్వాలి. చిన్న కంపెనీలకు అందులో కొంత భాగం బీమా సంస్థ తిరిగి ఇచ్చే పద్ధతి ఉంది, నమోదు సమయంలోనే అడగండి. భవిష్యత్తులో విడిపోవాల్సి వస్తే వాట్సాప్‌లోనో ఈమెయిల్‌లోనో చెప్పిన మాట చెల్లదు. కాగితం మీద సిరాతో సంతకం చేసి అందజేయాలి, ఇద్దరికీ అదే నియమం.


తార్నాక_చెట్టునీడ:

నేరుగా నమోదుకే వెళ్తున్నాం. జీతాల కార్యాలయాలు రెండింటికి ఈరోజు రాశాను, ప్రతినిధిగా ఉండగలరా, రుసుము ఎంత అని. మా ఉదయం సమావేశం మధ్యాహ్నం రెండున్నరకు మార్చాను. మిగతావాళ్లు కూడా సంతోషించారు, ఉప్పల్ మెట్రో రద్దీ తగ్గాక రావచ్చని. ఆదివారం వెర్షన్ ఎక్కించే పని ఇక్కడివాళ్లే చూసుకుంటారు.

ఒక్కటే మిగిలింది. ఆరోగ్య బీమా సంస్థను మేము ఎంచుకోవాలా, ఆమె ఎంచుకోవాలా?


జీతాల_లెక్కలు:

ఆమే ఎంచుకోవాలి. భర్త ఉన్న సంస్థలోనే చేరితే పాపను చేర్చడం సులువు. సభ్యత్వ పత్రం వచ్చాక దాని ప్రతి మీ జీతాల కార్యాలయానికి పంపమనండి, మొదటి నెల లెక్క దాని మీదే మొదలవుతుంది. బ్యాంకు ఖాతా తెరవడానికి, పన్ను గుర్తింపు సంఖ్య రావడానికి నగరంలో చిరునామా నమోదు ముందు జరగాలి, దిగిన వారంలోనే అపాయింట్‌మెంట్ తీసుకోమనండి. స్టుట్‌గార్ట్‌లో ఆ అపాయింట్‌మెంట్లు త్వరగా దొరకవు, భర్త ఇప్పుడే ప్రయత్నం మొదలుపెడితే మంచిది. మొదటి జీతం జూలై చివరికి కాకుండా ఆగస్టు నుంచి మొదలయ్యేలా ఒప్పందం రాసుకోండి. జూలై నెలను మీ దగ్గర ఆమెకు మిగిలిపోయిన సెలవుల కింద సర్దుబాటు చేయండి, ఆమె ఆ నెల మీ పని ముట్టుకోకూడదు, కాగితాలు చూసుకోనివ్వండి.